కొట్లో మోగితే మంచం దగ్గర వినిపించాలి

అల్లుడూ,

కొట్టు మీద మిద్దె లేచిందనీ, డుడుమ జలపాతం చూడ్డానికి వచ్చేవాళ్లకు అద్దెకివ్వడానికి వెనకవైపు రెండు గదులు కూడా తయారయ్యాయనీ విని సంతోషం. పొగ అలారం ఒకటి కొని కొట్లో తగిలిస్తే చాలదా అన్నావు. చాలదు.

హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న, ఆదివారం తెల్లవారి ఆరు గంటల వేళ జరిగింది చూడు. అక్కడా కింద దుకాణాలు, పైన కాపురం. మంట కింద అంటుకుంది, పొగ పైకెక్కింది. బయటపడడానికి ఉన్నది ఒకే ఇరుకు దారి. 17 మంది పోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. చాలామంది పొగకు ఊపిరాడకే పోయారు.

మంచి అలారం మోత మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్. షట్టరు దించిన కొట్లో నుంచి ఆ మోత స్లాబు దాటి, మూసిన తలుపు దాటి, ఫ్యాను చప్పుడులో నిద్రపోయేవాళ్ల చెవిదాకా రావాలంటే కష్టమే. అందుకే కొనాల్సింది ఒకదానితో ఒకటి కలిసి మోగే సెట్టు. కొట్లో పొగ పుడితే మిద్దె మీద మంచం దగ్గరున్నదీ అదే క్షణంలో అరుస్తుంది. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంటికీ ఈ రకమే ఉండాలన్నది నిబంధన. హాల్లో ఒకటి, ప్రతి అంతస్తు నడవలో ఒకటి, వంటింట్లో మాత్రం పొగకు బదులు వేడిని పట్టే అలారం. మన వంటిళ్లకైతే ఆ ఏర్పాటు మరీ నప్పుతుంది. వేడి అలారం దాదాపు 58 డిగ్రీల దగ్గర మోగుతుంది కాబట్టి మిరపకాయల పోపుకు ఉలిక్కిపడదు. నడవలో పెట్టేది మాత్రం కాంతితో పొగను పట్టే ఆప్టికల్ రకం. బొంతలూ పరుపులూ, కొట్లో గోనెసంచులూ నివురుగప్పి రాజుకునేటప్పుడు అది ముందు పసిగడుతుంది. శుక్రవారం సాంబ్రాణి వేస్తే అదీ గోల చేస్తుందనుకో. కాసేపు నోరు మూయించే బటన్ ఉన్నది కొనుక్కోవాలి గానీ, అత్తయ్య విసుక్కుందని బ్యాటరీ పీకి అలమరలో పడేయకూడదు.

పొగ అలారాన్ని సీలింగుకే, కానీ ఫ్యానుకు దూరంగా బిగించాలి; రెక్కల గాలి పొగను చెదరగొట్టేస్తుంది. వైఫై మీద ఆధారపడేవి వద్దు. మీకు కూతవేటు దూరంలోని జలవిద్యుత్ కేంద్రంలో 1955 నుంచి కరెంటు పుడుతున్నా సరే, గాలివానకు చెట్టు లైను మీద పడితే ఇంట్లో చీకటే, రౌటరూ చచ్చినట్టే. తమలో తాము రేడియోతో మాట్లాడుకునేవి, పదేళ్ల బ్యాటరీవి మేలు. అన్నీ ఒకే కంపెనీవైతేనే కలుస్తాయి.

ఇక అద్దె గదుల సంగతి. మావయ్యకు అసలు గుబులు అక్కడే. కొండమీద చలికి జనం తలుపులూ కిటికీలూ బిగించి కుంపటి పెట్టుకుంటారు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ రిసార్టులో కేరళ నుంచి వెళ్లిన 8 మంది, అందులో నలుగురు పిల్లలు, గ్యాస్ హీటర్ ఉన్న ఒకే గదిలో పడుకుని మళ్లీ లేవలేదు. తలుపులూ కిటికీలూ లోపలినుంచి గడియపెట్టి ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట వచ్చేది తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చినవాడు అది మలుపుల వల్లేననుకుని ముసుగుతన్ని పడుకుంటాడు.

దీనికి పొగ అలారం పనికిరాదు. బొగ్గులు నిప్పుకణికలై పొగ లేకుండా వెలుగుతున్నప్పుడే ఆ గ్యాసు దండిగా వస్తుంది. గ్యాసు సిలిండర్ లీకును పట్టే పరికరమూ పనికిరాదు. వంటగ్యాసు గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది, కాబట్టి ఆ పరికరాన్ని కింద పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ ఇంచుమించు గాలి బరువే, గదంతా కలిసిపోతుంది. దాని అలారం మంచం మీద తల ఉండే ఎత్తున ఉంటే సరి. దాని మీద యూఎల్ 2034 గానీ ఈఎన్ 50291 గానీ ప్రమాణ ముద్ర ఉండాలి. పొగ అలారానికైతే యూఎల్ 217, ఈఎన్ 14604. ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మిన కొన్ని కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పరీక్షలో మోగనే లేదని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. కాబట్టి ముద్ర చూశాకే ధర. యూఎల్ రకం గాలిలో ఆ గ్యాసు 70 పీపీఎం (పది లక్షల పాళ్లలో 70 పాళ్లు) దగ్గర గంట నుంచి నాలుగు గంటల్లోపు మోగుతుంది, 400 పీపీఎం అయితే 4 నుంచి 15 నిమిషాల్లో. 70 దగ్గర అంతసేపు ఆగడం చూసి పాడైపోయిందనుకోవద్దు, దాని కొలతే అంత. తయారీ తేదీ వెనక ఉంటుంది. అయిదు నుంచి పదేళ్లకు సెన్సరు ఆయువు తీరుతుంది, తర్వాత అది గోడకు అలంకారమే.

బిగించిన రోజు రాత్రి కొట్లోని పొగ అలారం బటన్ నొక్కి, పైన తలుపేసి, పెద్దగదిలో నానమ్మను పడుకోబెట్టి చూడు. ఆవిడకు వినిపించకపోతే ఇంకోటి ఆవిడ గదిలోనే పెట్టాలి. అద్దె గదుల తలుపుల వెనక తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో కాగితం అంటించు: కుంపటి, గ్యాస్ హీటర్ లోపలికి తేవద్దు, చలేస్తే ఇంకో రగ్గు అడగండి, ఉచితం. రగ్గుల ఖర్చు కావాలంటే మావయ్య ఖాతాలో రాసుకో.