రక్తపు క్యాన్సరుకు టీ కణముల చికిత్స

రోగి రక్తములోని కణములనే వెలికి తీసి, వానికి క్రొత్త శక్తి కలిగించి, మరల ఎక్కించి క్యాన్సరును నయము చేయుదురట, నిజమేనా అని అడుగువారు ఇపుడు పల్లెలలోను కలరు. పొలము అమ్మియైనను ఆ చికిత్స చేయింపవలెనా అని పంచాయతీ సభ్యుల సలహా కోరువారును ఉందురు. కావున ఈ విషయమును కొంత వివరముగా తెలుపుచున్నాము.

రక్తమందలి తెల్ల కణములలో టీ కణములు ఒక తెగ. ఇవి ఎముకల మూలుగలో పుట్టి, రొమ్మెముక వెనుకనున్న థైమస్ అను గ్రంథిని చేరి, అచట పరిణతి చెందును. ఈ గ్రంథి ప్రయోజనమేమో చిరకాలము తెలియలేదు. 1961లో లండనులో జాక్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలలో దీనిని తీసివేసి చూచెను. అవి అంటురోగములకు సులభముగా లోనయ్యెను. వేరొక ఎలుక చర్మమును అతికించినను వాని దేహము దానిని త్రోసివేయలేదు. తనదేదో, పరాయిదేదో ఎరుగు శక్తికి ఈ గ్రంథి అవసరమని అప్పుడు తేలినది.

థైమస్‌లో జరుగు పరీక్ష కడు కఠినము. రైతు విత్తనములను ఉప్పునీట వేసి తాలు తీసివేయును గదా! ఇచట ఆ ఏరివేత రెండు విధముల జరుగును. దేహకణములపై గల గుర్తులను చదువలేని టీ కణములు నశించును. చదువగలిగియు, స్వంత కణములపైననే విరుచుకుపడు స్వభావము గలవియు నశించును. నూటికి 95కు పైగా ఇట్లు పోవును. మిగిలినవానిలో కొన్ని సంహారకములు, కొన్ని సహాయకములు, మరికొన్ని తక్కినవాని దూకుడును అదుపుచేయునవి. ఈ అదుపుచేయు కణములను గూర్చిన పరిశోధనకు 2025లో వైద్య నోబెల్ బహుమతి లభించినది.

క్యాన్సరు కణము పరాయిది కాదు, చెడిన స్వంత కణమే. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడను సామెత ఇచట సరిపోవును. అందుచేత వైద్యులు రోగి టీ కణములను సేకరించి, ప్రయోగశాలలో వానికొక క్రొత్త జన్యువును చేర్చుదురు. దానివలన అవి బీ కణములు అను మరియొక తెగపై గల సీడీ19 అను గుర్తును పట్టుకొనగలుగును. వానిని వృద్ధిచేసి రోగికి ఎక్కింతురు. దీనికే కార్-టీ చికిత్స అని పేరు. అమెరికా 2017లో దీనిని ఆమోదించినది. మన దేశములో బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ ఆసుపత్రి కలసి రూపొందించిన చికిత్సకు 2023లో అనుమతి లభించగా, 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దానిని ప్రారంభించిరి. విదేశములకంటె ఖర్చు ఎంతో తక్కువయే. ఐనను లక్షల మీద మాట.

ఈ చికిత్స బీ కణములనుండి పుట్టిన కొన్ని రక్తపు క్యాన్సర్లు ఇతర మందులకు లొంగనప్పుడు, లేక తగ్గి తిరుగబెట్టినప్పుడు చేయునది. నోటి క్యాన్సరుకు గాని, రొమ్ము క్యాన్సరుకు గాని ఇది కాదు. అన్నిటికిని పనిచేయునని చెప్పి సొమ్ము అడుగువారిని నమ్మరాదు. పొలము బేరమునకు పెట్టుటకు ముందు హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వంటి చోట రోగి కాగితములు చూపి, ఇది ఏ రకపు క్యాన్సరో, ఈ చికిత్సకు తగునో కాదో అడుగవలెను.

కణములు ఎక్కించిన పిదప కొందరికి తీవ్రజ్వరము వచ్చి, రక్తపు పోటు పడిపోవును. ఆరోగ్యకరమైన బీ కణములును నశించుటచే అంటురోగములు సోకు భయము నెలల తరబడి ఉండును. అట్టివారు గ్రామమునకు తిరిగి వచ్చిన పిదప జ్వరము తగిలినచో ఊరిలో సూదిమందుతో సరిపెట్టక, చికిత్స చేసిన ఆసుపత్రికి వెంటనే తెలుపవలెను. ఆ ఆసుపత్రి ఫోను నంబరును పంచాయతీ కార్యాలయములో వ్రాసి యుంచుట మంచిది.