కొయ్యలో బుద్ధుడు

దొనకొండ దగ్గర చందవరం అనే ఊరుంది. గుండ్లకమ్మ ఒడ్డున ఉంటుంది. అక్కడి గుట్ట మీద సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం ఉంది. అది 1964లో బయటపడింది. చెక్కిన రాళ్లు దొరికాయి. ఆ రోజుల్లో కొయ్య పని కూడా ఉండే ఉంటుంది. కాని కొయ్యకు చెదలు పడతాయి. వానకు నానుతుంది. రాయి నిలుస్తుంది, కొయ్య నిలవదు. కొయ్య బొమ్మ బతకాలంటే దాన్ని చెక్కే మనిషి ప్రతి తరంలోనూ ఉండాలి.

అలాంటి వాళ్లు మన తెలుగునాట ఇంకా ఉన్నారు. మన పక్కనే ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేస్తారు. దేవుళ్ల బొమ్మలకు పేరు పడ్డది విజయవాడ దగ్గరి కొండపల్లి. అక్కడ దశావతారాలు చేస్తారు. పది అవతారాల్లో కొందరు బలరాముణ్ణి లెక్కిస్తారు, కొందరు బుద్ధుణ్ణి లెక్కిస్తారు.

ఏ బొమ్మకైనా అక్కడి పని ఒకటే. తెల్లపొణికి అనే చెట్టు కొయ్య తెస్తారు. సన్నని సెగ మీద కాచి తడి పోగొడతారు. తల, చేతులు, ఒళ్లు విడివిడిగా ఉలితో చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని మక్కు అంటారు. దానితోనే ముక్కలు అతుకుతారు. ఆరాక ఆకురాయితో నునుపు చేస్తారు. పైన సున్నం పూస్తారు. ఆ తర్వాతే రంగులు. చాలా ఇళ్లలో రంగులు వేసేది ఆడవాళ్లే. చెక్కిన పేరు మాత్రం మగవాళ్లకే వస్తుంది!

ఇప్పుడు బజారులో బుద్ధుడి బొమ్మలకు కరువు లేదు. హోటళ్లలో, ఇళ్ల హాళ్లలో కనిపిస్తాయి. అవి ఎక్కువగా అచ్చులో పోసినవే. చవగ్గా వస్తాయి. చేత్తో చెక్కేవాడు ఆ ధరకు ఎలా ఇవ్వగలడు? కూలి గిట్టకపోతే కొడుకు ఉలి పట్టడు. మార్కాపురం వాళ్లకు ఇది వేరే చెప్పాలా? ప్లాస్టిక్ పలకలు, నోటుబుక్కులు వచ్చాక రాతిపలకల పని ఏమైందో చూశాం కదా.

ఇంకో కష్టం, పొణికి చెట్లు తగ్గిపోయాయి. కొట్టినంత వేగంగా చెట్టు పెరగదు. అందుకే బొమ్మల పనిని నిలబెట్టాలంటే మొక్కలు నాటడం దగ్గరే మొదలుపెట్టాలి. కొండపల్లి బొమ్మలకు ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. అంటే వేరే చోట చేసిన సరుకును ఆ పేరుతో అమ్మకూడదు. గుర్తింపు మంచిదే. కాని కొనేవాడు తేడా తెలుసుకోకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

బొమ్మ కొనేటప్పుడు చేతిలోకి తీసుకొని చూడండి. పొణికి బొమ్మ చాలా తేలిగ్గా ఉంటుంది. ఒకే రకం బొమ్మలు రెండు పక్కపక్కన పెట్టండి. చేత్తో చెక్కినవైతే ముక్కులోనో, కంటిలోనో ఎంతో కొంత తేడా ఉంటుంది.