పోటీ పరీక్షల ప్రత్యేకం: కంఠధమనులు – మరల మరల వచ్చు పక్షవాతము

మెదడునకు రక్తమును గొనిపోవునవి కంఠమునందలి నాలుగు ధమనులు: ముందుభాగమున రెండు కెరోటిడ్‌లు, వెన్నుపూసల రంధ్రముల గుండ సాగు రెండు వెర్టెబ్రల్‌లు. కొవ్వు పేరుకొని ధమనులు సంకుచితములగుట పక్షవాతమునకు సామాన్యహేతువైనను, రక్తపోటు, మధుమేహములు లేని పిన్నవయస్కులకు అది పునరావృతమైనపుడు వైద్యులు అరుదైన కారణముల నన్వేషింతురు.

1. కెరోటిడ్ వెబ్: ధమని లోపొర మడతవలె లోనికి చొచ్చుకొనిరాగా, దాని వెనుక నిలిచిన రక్తము గడ్డకట్టి మెదడునకు చేరును, మందులు మాత్రమే చాలనిచో స్టెంటుగాని శస్త్రచికిత్సగాని అవసరమగును.

2. ఈగల్ సిండ్రోమ్: చెవిక్రింది స్టైలాయిడ్ ఎముక మితిమీరి పెరిగి కెరోటిడ్‌ను ఒరయును, 1937లో వాట్ ఈగల్ వర్ణించెను.

3. బో హంటర్ సిండ్రోమ్: మెడ త్రిప్పినపుడు వెర్టెబ్రల్ ధమని నొక్కుకొనును.

4. తకయాసు వ్యాధి: బృహద్ధమని, దాని శాఖల వాపు, యువతులలో అధికము, చేతినాడి క్షీణించును. 1908లో జపాను నేత్రవైద్యుడు మికితో తకయాసు వెల్లడించెను.



మాదిరి ప్రశ్న: స్టైలాయిడ్ ఎముకతో సంబంధముగల రుగ్మత యేది?
జవాబు: ఈగల్ సిండ్రోమ్.