తుప్పు పట్టిన బోల్టు

మోటారు సైకిల్ వెనుక చక్రానికి ఇరువైపులా ఉండే షాక్ అబ్సార్బర్లు రహదారి కుదుపులను తగ్గించి, చక్రాన్ని నేలకు అంటిపెట్టుకొని ఉండేటట్లు చేస్తాయి. ఏళ్ల వాడకంలో వాటిలోని నూనె కారిపోతే, గుంత దాటిన తరువాత కూడా బండి ఊగుతూనే ఉంటుంది. వాటిని మార్చడం కష్టమైన విద్య కాదు. చాలా బండ్లలో పైన ఒక నట్టు, కింద ఒక బోల్టు విప్పితే చాలు. అందువల్లనే పలువురు ఈ పనిని ఇంటి ముంగిట్లోనే చేపడతారు. అయితే గంటలో ముగియవలసిన పని ఒక్కొక్కప్పుడు రెండు రోజులు పడుతుంది. దానికి కారణం తుప్పు.

ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తోను, నీటితోను కలిసి తుప్పుగా మారుతుంది. అట్లా ఏర్పడిన తుప్పు, తాను తినివేసిన ఇనుము కంటే రెట్టింపునకు మించిన చోటును ఆక్రమిస్తుంది. బోల్టు మరలకు, నట్టు మరలకు నడుమ ఉండేది వెంట్రుకవాసి సందు. అందులో తుప్పు ఉబ్బి రెండింటినీ ఒకే ముద్దగా బంధిస్తుంది. ఉప్పు ఈ చర్యను వేగవంతం చేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర నగరాలలో తిరిగే బండ్లకు ఈ బెడద ఎక్కువ. పైభాగంలో మరొక చిక్కు ఉంది. నట్టు ఊడివచ్చినా, రబ్బరు బుష్షు లోపలి ఉక్కు గొట్టం చాసిస్ కడ్డీకి అంటుకొని కదలదు.

పట్టేసిన బోల్టును చూడగానే పానాకు పొడవైన గొట్టం తొడిగి బలమంతా ప్రయోగించడం పలువురు చేసే పొరపాటు. ఫలితంగా బోల్టు తల మూలలు అరిగిపోతాయి, లేదా బోల్టు విరుగుతుంది, లేదా పానా జారి చేయి గాయపడుతుంది. చాసిస్‌కు వెల్డింగు చేసిన కడ్డీయే విరిగితే నష్టం నట్టు ఖరీదుతో పోదు; చాసిస్‌కే మరమ్మతు అవసరమవుతుంది.

ఈ పనికి ఒక క్రమం ఉంది. బండిని గట్టి నేలపై సెంటర్ స్టాండు మీద నిలపాలి. రెండు షాక్ అబ్సార్బర్లను ఒకేసారి విప్పరాదు. ఒకటి మార్చిన తరువాతనే రెండవదానిని విప్పాలి. కనిపించే మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే పలుచని నూనెను ముందురోజు సాయంత్రమే వేయాలి. దీపపు వత్తిలోకి చమురు ఎక్కినట్లు, కేశనాళికీయత వల్ల ఆ నూనె సన్నని సందులలోకి పాకుతుంది. దానికి సమయం కావాలి. మరునాడు బోల్టు తలపై సుత్తితో మితమైన దెబ్బలు వేస్తే తుప్పు పొర పగులుతుంది. తలకు సరిగా సరిపోయే ఆరు మూలల సాకెట్‌ను తొడిగి, ముందుగా బిగించే వైపు కొద్దిగా కదిపి, పిమ్మట విప్పే వైపు తిప్పాలి. కదిలిన బోల్టును కూడా ఒక్కసారిగా విప్పరాదు. సగం చుట్టు విప్పి, పావు చుట్టు వెనుకకు తిప్పి, మళ్లీ నూనె వేయాలి.

వేడి కూడా ఒక ఉపాయమే. పది మిల్లీమీటర్ల నట్టు ఉష్ణోగ్రతను 300 సెల్సియస్ డిగ్రీల మేర పెంచితే దాని రంధ్రం సుమారు 0.04 మిల్లీమీటరు పెరుగుతుంది. పట్టు సడలడానికి అది చాలు. కాని సమీపంలో పెట్రోలు ట్యాంకు, రబ్బరు భాగాలు, అప్పుడే వేసిన నూనె ఉంటాయి. కొన్ని షాక్ అబ్సార్బర్లలో పీడనంతో నింపిన వాయువు కూడా ఉంటుంది. కాబట్టి ఇంటివద్ద మంట వాడరాదు. రెండు మూడు ప్రయత్నాలకు లొంగని బోల్టును అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు అప్పగించడమే వివేకం.

తుప్పు తిన్న బోల్టును తిరిగి వాడరాదు. తలపై 8.8 వంటి అంకె ఉంటే, కొత్త బోల్టుకూ అదే అంకె ఉండాలి; అది ఉక్కు బలాన్ని సూచిస్తుంది. చాసిస్ కడ్డీకి పలుచగా గ్రీజు రాసి, తయారీదారు చెప్పిన మేరకే బిగించాలి. నేడు రాసిన ఆ గ్రీజు మరికొన్నేళ్ల తరువాత అదే బండిని విప్పే చేతులకు శ్రమ తగ్గిస్తుంది.

ప్రశ్నలు

1. బోల్టు, నట్టు ఒకదానికొకటి పట్టేయడానికి గల కారణాలను వివరించండి.
2. పట్టేసిన బోల్టును విప్పే క్రమాన్ని రాయండి.
3. ఇంటివద్ద మంటను ఎందుకు వాడరాదు?