ఆగ్రహం అంటే కోపమేనా?

మనం పొద్దున లైబ్రరీలో కన్నడ పత్రిక చదువుతాము, మధ్యాహ్నం డిపార్ట్‌మెంటుకి వచ్చి తెలుగు పత్రిక తిరగేస్తాము. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పిల్లలకి ఇది అలవాటే. ఒక్కసారి రెండు పత్రికల్లోనూ ధర్నా వార్తలను పక్కపక్కన పెట్టి చూడండి. కన్నడంలో 'పరిహారక్కె రైతర ఆగ్రహ' అనే తీరు శీర్షిక ఉంటుంది. అంటే, పరిహారం ఇవ్వాలని రైతులు గట్టిగా అడుగుతున్నారని. తెలుగులో 'రైతుల ఆగ్రహం' అని కనబడితే? రైతులకి కోపం వచ్చిందని. మాట ఒకటే. ఒకచోట వాళ్లు ఏదో అడుగుతా ఉన్నారు, ఇంకోచోట మండిపడతా ఉన్నారు. కోపమైతే కొంతసేపటికి చల్లారుతుందిలే అని పైవాళ్లు ఊరికే కూర్చోవచ్చు. అడిగినదానికైతే జవాబు చెప్పాలి.

సంస్కృతంలో ఆగ్రహం అంటే పట్టు, పట్టుదల. గాంధీగారి సత్యాగ్రహంలో ఉన్నది ఆ అర్థమే: సత్యాన్ని పట్టుకొని వదలకపోవడం. కన్నడం ఆ అర్థాన్ని నిలుపుకుంది. మనం తెలుగులో దాన్ని కోపం చేసుకున్నాము. అందుకే సత్యాగ్రహం అన్న మాటను విడదీసి చెప్పమంటే మన క్లాసులో సగం మంది 'నిజమైన కోపం' అంటారు. పోయిన నెల అడిగి చూశాను, నవ్వకండి.

ఇట్లాంటి జతలు ఇంకా ఉన్నాయి. కన్నడంలో డిమాండును 'బేడికె' అంటారు. ఆ బేడు, మన తెలుగు వేడు, ఒకే ధాతువు. తెలుగులో అది వేడుకోలు దగ్గరే ఆగిపోయింది, చేతులు కట్టుకొని బతిమాలుకోవడం. కన్నడంలో అదే మాట ఎదిగి హక్కుగా అడిగేదయింది. మనమేమో ఆ చోట ఇంగ్లీషు డిమాండునే పెట్టుకున్నాము. ఇక 'ముష్కర' సంగతి. కన్నడంలో ముష్కర అంటే సమ్మె. తెలుగు పత్రికల్లో ముష్కరులు అంటే బాంబులు పెట్టేవాళ్లు! బస్సు డ్రైవర్ల ముష్కర అని కన్నడంలో చదివి, తెలుగు అర్థం మనసులో పెట్టుకుంటే ఎంత పొరపాటో చూడండి. పోరాటం మాత్రం రెండువైపులా నిలబడింది. పాత కన్నడంలోని ప తర్వాత హ అయింది కాబట్టి (పులి హులి అయినట్లు, పాలు హాలు అయినట్లు) మన పోరాటం వాళ్లకి హోరాట.

పరీక్షకి పనికొచ్చేది ఒకటి. నిరసన వేరు, నిరశన వేరు. స రాస్తే కాదనడం, ఒప్పుకోకపోవడం. శ రాస్తే తిండి మానడం, అశనం అంటే తిండి కాబట్టి. ఆమరణ నిరశన అని రాయాల్సిన చోట స రాస్తే కడుపు నిండా తిని దీక్ష చేసినట్లవుతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ నామవాచకాలు. అసలు చిక్కు క్రియల్లో ఉంది. దానికి ఉదాహరణ మన జిల్లాలోనే, గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో దొరుకుతుంది. నాగప్రతిష్ఠలకి మనమందరం ఎప్పుడో ఒకసారి పోయి ఉంటాము. గుడి చూసి, ఉత్తర పినాకిని ఒడ్డున బుత్తి విప్పుకొని తిని వచ్చేస్తాము. అక్కడున్న అమరవీరుల స్మారకం దగ్గర నిలబడి చదివేవాళ్లు తక్కువ.

1938 ఏప్రిల్‌లో మద్దూరు దగ్గర శివపురంలో మైసూరు కాంగ్రెస్ సభ జరిగింది. జెండా ఎగరేయకూడదని సర్కారు నిషేధం పెట్టింది. అధ్యక్షులు టి. సిద్ధలింగయ్యగారు ఎగరేశారు, అరెస్టయ్యారు. ఆ తర్వాత సంస్థానమంతా ఊరూరా జెండా సత్యాగ్రహం. అప్పటికి మన జిల్లా లేదు, 2007 దాకా మనమంతా కోలారు జిల్లానే. విదురాశ్వత్థంలో కూడా జెండా మీద, సభల మీద నిషేధం పెట్టారు. ఏప్రిల్ 25న చుట్టుపక్కల పల్లెల జనం గుడి దగ్గరి తోపులో చేరారు. పోలీసులు తుపాకులతో కాల్చారు. సర్కారు ఒప్పుకున్న చావుల లెక్క పది దగ్గర. జనం చెప్పే లెక్క ముప్పైకి పైన. చనిపోయినవాళ్లలో గౌరమ్మ అనే ఆమె కూడా ఉంది.

ఇప్పుడు ఇదే సంగతిని మామూలుగా ఎట్లా రాస్తారో చూడండి: 'విదురాశ్వత్థంలో కాల్పులు జరిగాయి. పలువురు ప్రాణాలు కోల్పోయారు.' మొదటి వాక్యంలో కర్త ఎవరు? కాల్పులు. వాన కురిసినట్లు, గాలి వీచినట్లు కాల్పులు వాటంతట అవే జరిగిపోయాయి. రెండో వాక్యంలో కర్త చచ్చిపోయినవాళ్లు. సంతలో సంచి పోగొట్టుకున్నట్లు ప్రాణాలు వాళ్లే కోల్పోయారు! రెండు వాక్యాలు అయిపోయినా తుపాకి పట్టుకున్న మనిషి ఎక్కడా కనబడలేదు. తెలుగులో 'కాల్చబడ్డారు' అనే కర్మణి వాక్యం నోటికి అతకదు. అందుకని కర్తను దాచాలంటే 'జరుగు' అనే క్రియ సులువుగా అందుతుంది. వ్యాకరణం క్లాసులో దీన్ని ఎవరూ తప్పు అనరు, తప్పు కాదు కూడా. కానీ మా అవ్వది గౌరిబిదనూరు పక్క పల్లె. వాళ్లమ్మ దగ్గర విన్నది ఆమె ఇట్లా చెప్తుంది: "పోలీసోళ్లు కాల్చి చంపేసిరి." కర్త ఉంది, క్రియ ఉంది. బడికి పోని మనిషి వాక్యం మన వ్యాసాలకంటే పూర్తిగా ఉంది.

ఇంకొక మాట మీద నాకు అభ్యంతరం ఉంది. మేడమ్‌గారు ఒప్పుకోకపోయినా రాస్తాను. విదురాశ్వత్థాన్ని 'కర్ణాటక జలియన్‌వాలాబాగ్' అంటారు. గౌరవంగానే అంటారు, స్వాతంత్ర్య దినం ఉపన్యాసాల్లో మనం కూడా అన్నాము. అయితే జలియన్‌వాలాబాగ్ అనగానే మన కళ్ల ముందుకి వచ్చేది 1919 ఏప్రిల్ 13, తెల్లదొర డయ్యరు. విదురాశ్వత్థంలో కాల్చింది మైసూరు సంస్థానం పోలీసులు. రాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, గాంధీగారే రాజర్షి అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటాము. దివాను సర్ మిర్జా ఇస్మాయిల్, బెంగళూరును తీర్చిదిద్దినాయన. వాళ్లు చేసిన మంచి పనులు అబద్ధం కాదు, ఆ తోపులో పడిన శవాలు కూడా అబద్ధం కాదు. మాదిరి సంస్థానంలో కూడా, జెండా కోసం వచ్చిన పల్లె జనాన్ని మనవాళ్లే కాల్చారు. పంజాబు పేరు అరువు తెచ్చుకుంటే ఆ సంగతి మరుగున పడుతుంది. చెడ్డ దొర కథ మనకి సులువు. మనం మెచ్చుకొనే రాజు పాలనలో జరిగినదాన్ని చెప్పడం కష్టం.

ఆ తర్వాత విచారణ కమిటీ వేశారు. దానికి పెద్ద వేపా రామేశంగారు, మద్రాసు హైకోర్టులో జడ్జిగా చేసిన తెలుగాయన. సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ బెంగళూరు వచ్చి దివానుతో మాట్లాడారు. సర్కారు మైసూరు కాంగ్రెస్‌ను గుర్తించింది, సంస్థానం జెండాతో పాటు కాంగ్రెస్ జెండా కూడా ఎగరేసుకోవచ్చని ఒప్పుకుంది. తోపులో చేరినవాళ్లు అడిగింది అదే. వాళ్లది కన్నడ ఆగ్రహమే గానీ, తెలుగు ఆగ్రహం కాదు.

ఇది పాత కథ అనుకుంటే మా చిన్నమ్మ సంగతి వినండి. బాగేపల్లి తాలూకాలో అంగనవాడీ టీచరు. 2017 మార్చిలో వేలమంది అంగనవాడీ ఆడవాళ్లు బెంగళూరులో రోజుల తరబడి, రాత్రీపగలూ రోడ్డు మీదే కూర్చున్నప్పుడు తనూ పోయింది. "అంత కోపమెందుకొచ్చింది చిన్నమ్మా?" అంటే, "కోపం కాదే, అడిగేదానికి పోతిమి" అనింది. వాళ్లకి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవధన అంటారు. తెలుగులో గౌరవ వేతనం. వినడానికి ఎంత మర్యాదగా ఉందో! ఆ మర్యాద వెనకాల, నువ్వు ఉద్యోగివి కాదు, సేవకురాలివి అనే మాట దాగి ఉంది. జీతం కాదంటే గ్రాట్యుటీ అడిగేదానికి లేదు. గుజరాత్ అంగనవాడీ వాళ్ల కేసులో సుప్రీంకోర్టు ముందుకి ఈ మాటే వచ్చింది. గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఆ గౌరవ వేతనం కూడా వేతనమేనని, వాళ్లకి గ్రాట్యుటీ ఇవ్వాల్సిందేనని కోర్టు తేల్చింది. తీర్పు వచ్చింది 2022 ఏప్రిల్ 25న. తేదీ ఊరికే కలిసింది, నేను కలపలేదు.

ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటించాను. పోలీసులు జనం మీద తుపాకి కాల్చడాన్ని కన్నడ పత్రికలు గోలీబార్ అంటాయి. మీ ఊళ్లో ముసలివాళ్లు తెలుగులో ఏమంటారో అడిగి, వాళ్ల వాక్యం వాళ్ల నోట ఎట్లా వస్తే అట్లాగే రాయండి, దిద్దకండి. ఊరి పేరు పక్కన పెట్టండి. చింతామణి అక్కలు బస్సు ఎక్కకముందే రాసేస్తే మంచిది, శనివారం ఈ గోడ ఖాళీ చేయాలి.