మరల చేరిక: పేకాటలో రెండవ రుసుము లెక్క

గోదావరి డెల్టా సీమలో పేకాటను ఎరుగనివారు అరుదు. సంక్రాంతి మూడు రోజులును భీమవరము మొదలు అమలాపురము వరకు కోడిపందెముల బరుల ప్రక్కనే గుండాట బల్లలు, పేకాట శిబిరములు వెలయుట అందరికి తెలిసినదే. అయినను ఆటను నిందించువారు గాని, ఆడువారు గాని దాని లెక్కను శాస్త్రీయముగా విచారించుట తక్కువ. ఓడినవాడు మరల సొమ్ము చెల్లించి అదే పోటీలో కూర్చుండు పద్ధతిని ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. దీనిని పాశ్చాత్యుల పోకర్ ఆటలో ‘రీబై’ అనియు, మన రమ్మీ ఆటలో ‘రీజాయిన్’ అనియు వ్యవహరింతురు.

పోకర్ పోటీలు ముఖ్యముగా రెండు విధములు. మొదటిదానిలో రుసుము ఒక్కసారియే. బిళ్లలు పోయినవాడు లేచిపోవలెను. రెండవదానిలో ఆరంభపు గంటయో, నిర్ణీతమైన కొన్ని అంచెలో గడచువరకు, ఓడినవాడు మరల రుసుము కట్టి బిళ్లలు కొనవచ్చును. గడువు ముగియునపుడు ‘ఆడ్ ఆన్’ అను పేర చివరి కొనుగోలునకు అవకాశ మిత్తురు.

ఇందు నేర్పరులు పాటించు సూత్రములు మూడు. మొదటిది: ఒక ప్రవేశము, రెండు మరు కొనుగోళ్లు, ఒక చివరి కొనుగోలు కలిపి అసలు ఖర్చుగా ముందే ఎంచుకొందురు. అనగా నూరు రూపాయల పోటీ వారికి నాలుగు వందల పోటీయే. రెండవది: గడువు లోపల ఇతరులు తెగించి ఆడుదురు కనుక, తాము మంచి ముక్కలకై ఓపికతో వేచియుండి, అవి వచ్చినపుడే పెద్ద పందెము కాయుదురు. మూడవది: చివరి కొనుగోలులో నూరు రూపాయలకు వేయి బిళ్లలకు బదులు రెండు వేలు ఇచ్చినచో బిళ్ల ధర సగమైనట్లే. తన రాశి చిన్నదైనవానికి అది లాభసాటి. పెద్ద రాశి గలవానికి దాని విలువ స్వల్పము.

ఇక మనకు పరిచితమైన 101 పూల్ రమ్మీని చూతము. ఓడినవారి చేతిలోని పాయింట్లు ప్రతి ఆటకు కూడుచుండును. 101 చేరినవాడు వెడలిపోవును. మొదటి డ్రాపునకు 20, మిడిల్ డ్రాపునకు 40, ఫుల్ కౌంటునకు 80. మిగిలినవారిలో ఎవరికిని 79 దాటనిచో, వెడలినవాడు మరల రుసుము కట్టి, అందరికంటె ఎక్కువ గలవాని లెక్కపై ఒకటి చేర్చుకొని కూర్చుండుట సాధారణ నియమము.

ఆరుగురు నూరేసి రూపాయలు వేసిన ఆటను ఊహింపుడు. సొమ్ము ఆరు వందలు. ఒకడు వెడలి మరల చేరెను. సొమ్ము ఏడు వందలు. పై నియమమున వాడు 80తో చేరినాడనుకొందము. ఆరంభమున ఐదు మొదటి డ్రాపులు వేసి నిలువగలిగిన వానికి ఇప్పుడు ఒక్కటే మిగిలినది. రుసుము మాత్రము పూర్తిగా అదే. నూరు రూపాయలతో ఏడు వందలు ఆశించువానికి ఏడింట ఒక పాలు గెలుపు అవకాశమైనను ఉండవలెను. ఆటశాలవారు నూటికి పది తీసికొన్నచో సొమ్ము 630. అప్పుడు కావలసిన అవకాశము నూటికి దాదాపు 16. ఆరుగురును సమానులైనపుడు ఒక్కొక్కనికి ఉండు అవకాశము నూటికి 17కు కొంచెము తక్కువ. అందరికంటె వెనుకబడినవాడు సమానునివలె గెలిచినగాని రుసుము గిట్టదన్నమాట. కావున అందరి లెక్కలును 70కి పైబడి యున్నపుడు చేరుటకును, ఒక్కడు 79లో నుండి తక్కిన నలుగురు 20, 30లలో నున్నపుడు చేరుటకును ఎంతో భేదము కలదు. పెక్కుమంది మొదటి లెక్కను మాత్రమే చూచి చేరుదురు. పోయిన నూరు రూపాయలను రాబట్టవలెనన్న తలపు వారిని నడిపించును. కాని ఆ నూరు ఇక ఏ లెక్కలోను లేదు.

ఈ పద్ధతి దోషములు స్పష్టము. ఖర్చునకు హద్దు చెరిగిపోవును. ధనికునకు అధికావకాశము దక్కును. ఓటమికి శిక్ష లేదన్న భ్రమతో తెగింపు అలవాటగును. లాస్ వేగాస్‌లో 1970లో ఆరంభమైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ నందు సయితము 2009లో రీబై పోటీలను తొలగించిరి. ధనముతో విజయమును కొనవచ్చునన్న విమర్శ అప్పటికే యుండెను.

మన సాహిత్యమునకును ఈ విషయము క్రొత్త కాదు. రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెనిగించిన సభాపర్వమున ధర్మరాజు సర్వమును ఓడి, ధృతరాష్ట్రుని వలన తిరిగి పొంది, పిలువగనే మరల జూదమునకు కూర్చుండెను. అదే ప్రత్యర్థి, అదే నేర్పు. ఫలము పదుమూడేండ్ల వనవాసాజ్ఞాతవాసములు. అరణ్యపర్వమున నలుడును రెండవసారి ఆడెను. కాని ఋతుపర్ణుని వద్ద అక్షహృదయమను విద్య నేర్చిన పిదపనే ఆడెను. ఏమియు నేర్వక మరల చేరుట, నేర్చి మరల చేరుట అను భేదము ఈ రెండు కథలలో తేటతెల్లము.

చట్టమును కూడ తెలిసికొనవలెను. సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట యని తీర్పు చెప్పెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1974 నాటి గేమింగ్ చట్టమును 2020లో సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పు, అదృష్టము అను భేదము చూడక, సొమ్ము ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలన్నింటిని నిషేధించుచు చట్టము చేసినది. ఖురాను ‘మైసిర్’ అను పేర జూదమును నిషేధించినది. అందు కొంత ప్రయోజనము కలదని అంగీకరించియు, కీడే అధికమని తేల్చుట గమనింపదగినది. మా లెక్కయు అదే చెప్పుచున్నది.

మంచినిచెడును తూచి చూచుట విద్యార్థి ధర్మము. మా కళాశాల గణితశాఖవారు చింతపిక్కలతో, సొమ్ము లేకుండ, ఈ ఆటను నూరుసార్లు ఆడించి ఫలితములు వ్రాయించినచో సంభావ్యతా పాఠము చక్కగా బోధపడును. కమిటీవారు దీనిని ఆలోచింతురుగాక. దాళ్వా పంట సొమ్మును గాని, పిల్లల పరీక్ష ఫీజును గాని రెండవ రుసుముగా కట్టబోవు చేతిని ఆపగలిగినది ఉపదేశముకంటె ఈ చిన్న భాగహారమే యని మా విశ్వాసము.