ఎద సూది, ఈస్ట్ పొడి: పాడి రైతు చేయవలసినవి – చేయకూడనివి

ఆవు ఎన్ని పాలివ్వగలదో దాని జాతి హద్దు గీస్తుంది. ఆ హద్దు దాకా తీసుకెళ్లేది మేపు. దూడకు మంచి జాతినిచ్చేది ఎద సూది, అంటే కృత్రిమ గర్భధారణ; మేపుకు తోడయ్యేది ఈస్ట్ పొడి. ఈస్ట్ పొడి పని చేసేది ఆవు మొదటి పొట్టలో. అక్కడికి చేరే కొద్దిపాటి ఆక్సిజన్‌ను వాడేసుకుని, పీచును అరిగించే బ్యాక్టీరియా పెరిగేలా చేస్తుంది. దాణా ఎక్కువైతే వచ్చే పులుపును కూడా తగ్గిస్తుంది. అందుకే దాణా దండిగా తినే సంకర జాతి ఆవుల్లో దీని ఫలితం కనిపిస్తుంది. అక్కడైనా రోజుకు అదనంగా లీటరుకు మించి ఆశపడొద్దు. వరిగడ్డి మీద రెండు లీటర్లిచ్చే నాటు ఆవుకు ఈ ఖర్చు చాలామటుకు దండగే.

చేయవలసినవి

• సూది వేయించే ముందు ఆవు ఒడ్డూ పొడుగూ చూడండి. చిన్న నాటు ఆవుకు, తొలిచూలు పెయ్యకు జెర్సీ మేలు. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) వేయిస్తే దూడ పెద్దదై ఈత కష్టమవుతుంది.
• పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం ఎదకొస్తే మర్నాడు పొద్దున సూది వేయించండి.
• వీర్యనాళిక మీది ఆబోతు నంబరు, తేదీ నోటుబుక్కులో రాసుకోండి.
• ఈస్ట్ ప్యాకెట్ మీద గడువు తేదీ, మోతాదు చదివాకే కొనండి. ఈనడానికి మూడు వారాల ముందు మొదలుపెట్టి, పాలు పుంజుకునే దాకా రోజూ ఇవ్వండి.
• ఈనాక దాణా ఒక్కసారిగా పెంచకుండా, వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి.
• పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.
• పాలిచ్చే ఆవుకు ఈస్ట్ మొదలుపెడితే, ముందు వారం, తర్వాత మూడు వారాలు పాలు కొలిచి రాయండి. తేడా లేకపోతే మానేయండి.

చేయకూడనివి

• ఈస్ట్‌ను వేడి కుడితిలో, వేడి గంజిలో కలపొద్దు. రేకుల షెడ్డులో ఎండ తగిలేచోట దాచొద్దు. వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది.
• ఈస్ట్ వేస్తున్నాం కదా అని గడ్డి, ఖనిజ మిశ్రమం తగ్గించొద్దు.
• బూజు పట్టిన వేరుశనగ చెక్కకు ఈస్ట్ విరుగుడనుకోవద్దు. ఆ బూజు విషం పాలలోకీ దిగుతుంది.
• పెళ్లిలో మిగిలిన అన్నం, బేకరీలో పులిసిన పిండి తొట్టిలో కుమ్మరించొద్దు. అన్నంతో పొట్ట పులుస్తుంది. పిండి లోపల పొంగి కడుపుబ్బరం తెస్తుంది.
• ఆబోతు వీర్యాన్ని దాని కూతురికే వేయించొద్దు. దగ్గరి రక్తం కలిస్తే దూడలు బలహీనపడతాయి, పాలూ తగ్గుతాయి.
• పాల ఆశతో హెచ్‌ఎఫ్ రక్తం పెంచుకుంటూ పోవద్దు. మన ఎండలకు సగం నుంచి 62.5 శాతం దాకా చాలు. అది మించితే వేసవిలో ఆవు రొప్పుతుంది, మేత మానేస్తుంది.

ప్రమాదం ఇలా తెలుస్తుంది

ఎడమ డొక్క ఉబ్బినా, నెమరు ఆగినా, పుల్లటి వాసనతో పేడ నీళ్లలా పడినా, ఆవు తూలినా వెంటనే దాణా ఆపేయండి. ఎండుగడ్డి అందుబాటులో ఉంచి, పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. పడిపోయిన ఆవు నోట్లో నూనెగానీ నాటు మందుగానీ పోయొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే డాక్టరు వచ్చినా ఆవు దక్కకపోవచ్చు.